టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేనట్టు కాదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే అందరం హాస్టల్ జ్ఞాపకాలే రాస్తాం. నేనూ ఒక జ్ఞాపకంతోనే మొదలుపెడుతున్నాను. కాని ఇది నవ్వుకునేది కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి మాట. ఎండాకాలం, మా గదిలో ఫ్యాన్ తిరగడం లేదు. "తమ్మీ, నీకు కరెంటు పని వస్తది గదా, జర చూడు" అన్నారు పెద్ద తరగతి అన్నలు. నాకు వచ్చిన కరెంటు పనల్లా టెస్టర్ పట్టుకోవడమే. స్విచ్ ఆపి, బెంచీ మీద బెంచీ వేసుకొని ఎక్కాను. వైరుకు టెస్టర్ ఆనిస్తే వెలగలేదు. ఇంకేం భయం అనుకొని కండెన్సర్ వైరు విప్పుతూ, పడిపోకుండా రెండో చేత్తో ఇనుప దూలం పట్టుకున్నాను. తర్వాత నాకు తెలిసింది, నేను కింద నేల మీద ఉన్నానని, చుట్టూ అందరూ ఏడుస్తున్నారని. కింద పడటమే నన్ను బతికించింది. చెయ్యి దూలానికి అలాగే పట్టుకుపోయి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు.

స్విచ్ ఆపినా, టెస్టర్ వెలగకున్నా షాక్ ఎందుకు కొట్టింది? జవాబు నాకు ఐటిఐలో చేరాక గాని దొరకలేదు. ఒకటి, ఆ స్విచ్‌ను ఫేజు తీగకు కాకుండా న్యూట్రల్ తీగకు కలిపారు. అప్పుడు స్విచ్ ఆపితే ఫ్యాన్ ఆగుతుంది కాని వైరులో కరెంటు అలాగే ఉంటుంది. రెండు, టెస్టర్ వెలగాలంటే మన ఒంట్లోంచి నేలకు కొంచెం కరెంటు పోవాలి. ఎండిన కర్ర బెంచీల మీద నిలబడితే అది సరిగ్గా పోదు, టెస్టర్ మసకగా వెలుగుతుంది. పట్టపగలు ఆ మసక వెలుగు కంటికి కనబడదు. దూలం పట్టుకోగానే నేలకు దారి దొరికింది. ఆ దారి నా గుండె మీదుగా పోయింది.

పదో తరగతిలో ఓం సూత్రం అందరం బట్టీపట్టినవాళ్లమే. 1827లో జార్జ్ సైమన్ ఓం చెప్పిన ఆ సూత్రం మార్కుల కోసమే అనుకుంటాం. మన హాస్టల్ మీది నీళ్ల ట్యాంకును చూడండి. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే నీళ్ల ఒత్తిడి అంత. అది వోల్టు. పైపులో పారే నీళ్లు ఆంపియర్లు. పైపు సన్నబడి పారకాన్ని అడ్డుకోవడం ఓము. ఇప్పుడు లెక్క చేద్దాం. మన ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1000 ఓములకు పడిపోవచ్చు. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. అది 60 వాట్ల బల్బు తీసుకునే కరెంటు కంటే తక్కువే. కాని 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే పట్టుకున్న తీగను వదలడం కష్టమవుతుంది. 50 నుంచి 100కు చేరేసరికి గుండె లయ తప్పవచ్చు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. "ఫ్యూజు ఉంది గదా" అంటారు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు 0.23 ఆంపియర్ ఒక లెక్కా? మనిషి పోయినా అది పోదు. ఫ్యూజు కాపాడేది తీగలను, మనిషిని కాదు. మనిషిని కాపాడాలంటే మంచి ఎర్తింగ్ కావాలి. 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే లైన్ కట్ చేసే ఆర్‌సీసీబీ కావాలి. ఇక చలికాలంలో నీళ్లు కాగబెట్టే 1500 వాట్ల హీటరు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 5 ఆంపియర్ల ప్లగ్గుకు, అదీ టాపు లేకుండా వైర్లు దూర్చి అగ్గిపుల్లలు కుక్కి పెడితే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి.

మరి కరెంటు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? మల్టీమీటరుతో, అదీ పద్ధతి ప్రకారం. ముందు మీటరు వైర్లు ఎక్కడా తెగలేదని చూడాలి. ముల్లును ఏసీ వోల్టులలో అన్నిటికన్నా పెద్ద అంకె మీద పెట్టాలి. మొదట కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో చూడాలి. 230 దగ్గర చూపిస్తే మీటరు బాగున్నట్టు. తర్వాత పని చేయాల్సిన చోట చూడాలి. సున్నా వస్తే వెంటనే నమ్మవద్దు, మళ్లీ తెలిసిన ప్లగ్గులో చూడాలి. మధ్యలో మీటరే చెడిపోయి ఉండవచ్చు కదా! వోల్టులను రెండు తీగల మధ్య అడ్డంగా కొలవాలి. ఆంపియర్లను తీగ తెంచి మధ్యలో కలిపి కొలవాలి. ఓములను మెయిన్ ఆపాకే కొలవాలి. ఐటిఐలో నేను ఆంపియర్ల మీద పెట్టిన మీటరును మరిచిపోయి ప్లగ్గులో దూర్చాను. పెద్ద చప్పుడుతో మీటరు పగిలి చేతి వెంట్రుకలు కాలాయి. ఆ తప్పు నాదే. మెయిన్ ఆపినా కండెన్సర్‌లో కరెంటు నిలిచి ఉంటుందని కూడా మరువద్దు.

మనం కరెంటు పుట్టే చోట పుట్టినవాళ్లం. గోదావరి అవతల రామగుండం ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983లో మొదలైంది. ఇవతల మన జైపూర్‌లో సింగరేణి 1200 మెగావాట్ల కేంద్రాన్ని 2016లో జాతికి అంకితం చేశారు. వాటిలో మండే బొగ్గును తవ్వేవాళ్లలో మన మంచిర్యాల, మందమర్రి, శ్రీరాంపూర్ కార్మికులూ ఉన్నారు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన డాక్టర్ అంబేద్కర్ చేతిలోనే విద్యుత్తు విషయాలూ ఉండేవి. చౌకగా, పుష్కలంగా విద్యుత్తు ఉంటేనే పరిశ్రమలు వస్తాయని, పేదరికం నుంచి బయటపడే దారి అదేనని 1943లోనే ఆయన వాదించారు. ఆయన పేరు చెప్పుకొని చదువుకున్న మనం ఆ విద్యుత్తు ముందు చదువురానివాళ్లలా నిలబడటం బాగుందా?

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. ప్రతి హాస్టల్‌లో ఒక మల్టీమీటరు ఉండాలి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు దాన్ని చేతితో పట్టి నేర్చుకోవాలి. బ్యాటరీ, టార్చి బల్బు, నాలుగు ముక్కల వైరు చాలు. "పిల్లల చేతికి మీటరిస్తే ప్లగ్గులో పెడతారు" అని కొందరు భయపడతారు. ఆ భయం నిజమే. చౌక మీటర్లు బ్యాటరీ పాఠానికే గాని 230 వోల్టులకు పనికిరావు. కరెంటు లైను మీద చూసే మీటరుకు లోపల ఫ్యూజు, పైన క్యాట్ త్రీ గుర్తు ఉండాలి. ఆ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి. కాని నేర్పకుండా ఉంటే పిల్లలు ముట్టరా? మేం ముట్టలేదా? సెలవులకు ఇంటికి పోతే "చదువుకున్నోడివి, బాయికాడ స్టార్టర్ చూడు బిడ్డా" అని నాయన మనల్నే పిలుస్తాడు. ఆ రోజు తడి మడిలో నిలబడి స్టార్టర్ డబ్బా ముట్టకూడదని, మెయిన్ ఆపాలని, తెగిన తీగ కనబడితే 1912కు ఫోన్ చేయాలని చెప్పగలగాలి. తెలిసినవాడే "నేను ముట్టను, లైన్‌మన్‌ను పిలుద్దాం నాయనా" అని ధైర్యంగా అనగలడు.

వార్డెన్ గార్లకు ఒక మనవి. ఫ్యాన్ తిరగకపోతే పిల్లవాణ్ని బెంచీ ఎక్కనివ్వకండి. ఏడాదికోసారి ఎర్తింగ్ చూపించండి, మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టించండి. ఉద్యోగాల్లో స్థిరపడ్డ పాత మిత్రులకు మరో మనవి. ఈసారి వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు శాలువాలు, పూలదండలు తగ్గించి ఒక మీటరు తెద్దాం. ఎవరికైనా ఒక ఆదివారం తీరిక ఉంటే వచ్చి నేర్పుదాం. మొదటి ఆదివారం నేను వస్తాను. మీటరు, బ్యాటరీ నావే. టెస్టర్ వెలగలేదని ఇంకో తమ్ముడు బెంచీ ఎక్కకముందే రావాలన్నదే నా తొందర.