పాత స్క్రూ ఎక్కడుంది?

"రూపాయి స్క్రూ కోసం గంటసేపు ఎతుకుతామేటి బాబూ, కొత్తది ఏసెద్దాం." విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా గరివిడి వైపు పోయే రోడ్డు మీద ఏ మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడ్డా ఈ మాట చెవిన పడుతుంది. అనేవాడు మోసగాడు కాదు. మన టైము పాడవకూడదనే ఉద్దేశంతో, పైసా అడగకుండా తన డబ్బాలోంచి ఇంకో స్క్రూ తీసి బిగిస్తాడు. బండి తెచ్చినవాడికి కూడా అది పెద్దమనసుగానే తోస్తుంది. ఇంత మంచిగా వినబడే మాట కాబట్టే దీన్ని గట్టిగా కాదనాలి. కొత్త స్క్రూ ఖాళీ రంధ్రాన్ని మూస్తుంది, అంతే. పాతది ఎక్కడుందో అది చెప్పదు.

నేల మీద పడితే అది నిజంగా రూపాయి నష్టమే, అక్కడ నాకు ఎవరితోనూ పేచీ లేదు. కానీ కార్బొరేటర్ విప్పి పక్కన పెట్టినప్పుడు ఇంజను నోరు తెరుచుకుని ఉంటుంది. స్పార్క్ ప్లగ్ తీసిన రంధ్రం నేరుగా పిస్టన్ మీదికి దిగుతుంది. వంద సీసీ బళ్లలో చాలావాటికి అది 10 మిల్లీమీటర్ల రంధ్రం. చిన్న స్క్రూ, వాషరు జారడానికి ఆ సందు చాలు. నిమిషానికి 1,400 చుట్లతో ఐడ్లింగ్‌లో ఉన్న ఇంజనులో పిస్టన్ సెకనుకు ఇరవైసార్లకు పైగా పైకొస్తుంది. వచ్చిన ప్రతిసారీ హెడ్‌కూ దానికీ మధ్య మిగిలే ఖాళీ చాలా తక్కువ. అందులో ఇనుప ముక్క ఉంటే వాల్వు వంగుతుంది, పిస్టన్‌కు చిల్లు పడుతుంది, బోరు గీసుకుపోతుంది. టాపెట్ సెట్టింగులో జారిన నట్టు టైమింగ్ చైన్ తిరిగే సందులోంచి ఇంజను అడుగున ఆయిలుండే ఛాంబర్‌లోకి దిగిపోతుంది. అక్కడ నెలల తరబడి ఆయిల్లో కదలకుండా పడి ఉండొచ్చు. ఒకరోజు గేరు పళ్ల మధ్యకీ రావొచ్చు. బోరు పనిలో పిస్టన్ పిన్నుకుండే లాకు సంగతి మరీ ఘోరం. స్ప్రింగు తీగ కదా, నొక్కి లాగేసరికి ఎగురుతుంది. ఛాంబర్ నోట్లో ముందే గుడ్డ కుక్కి ఉండకపోతే అది అందులోకే పోవచ్చు. లాకు ఎలాగూ కొత్తదే వెయ్యాలి, అది వేరే సంగతి. కానీ కొత్త లాకు వేసి, బోరు బిగించి, పాతది కనబడలేదన్న మాట మరిచిపోతే, ఆ బండిని బాగుచేశామని ఎలా అంటాం?

నాలుగింట్లో మూడు బోల్టులున్నాయి కదా, బండి ఆగదులే అనే వాదన ఒకటుంది. ఇంజను కవర్ల బోల్టులన్నీ ఒకే పొడవు కావు. డబ్బాలో చేతికందింది వేస్తే, పొడవెక్కువైనది రంధ్రం అడుగుకు తన్ని అల్యూమినియం కేసును పగలగొడుతుంది. పొట్టిది రెండు మూడు మరల మీదే వేలాడి, తర్వాత విప్పినప్పుడు ఆ మరల్ని ఊడదీసుకుని వస్తుంది. వెనక డ్రమ్ము బ్రేకు ప్లేటును పట్టి ఉంచే రాడ్డు నట్టుకుండే స్ప్లిట్ పిన్ను మరీ చిన్నది. దొరకలేదని వదిలేస్తే రేపు ఆ నట్టు వదులై ఊడొచ్చు. అప్పుడు బ్రేకు తొక్కగానే ప్లేటు చక్రంతోపాటు తిరగబోతుంది, చక్రం బిగుసుకుపోతుంది. రామతీర్థం గుడికి భార్యాపిల్లల్ని ఎక్కించుకుని వెళ్లే మనిషి బండి అది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది మూడో నమ్మకం: పనితనం ఉన్నవాడి చేతిలోంచి స్క్రూ పడదని. 1980 సెప్టెంబరు 18న అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, డమాస్కస్ దగ్గర భూమి లోపల నిలబెట్టిన టైటాన్-2 క్షిపణికి మరమ్మతు చేస్తున్న వైమానిక దళం మనిషి చేతిలోంచి ఒక సాకెట్ జారింది. దాదాపు 80 అడుగుల లోతుకు పడి క్షిపణి ఇంధన ట్యాంకును చీల్చింది. మర్నాడు తెల్లవారుజామున అది పేలింది, ఒకరు చనిపోయారు. అది పని రాని చెయ్యి కాదు. ఎంత తిరిగిన చెయ్యైనా పడేస్తుంది. పడినా లోపలికి పోకుండా చూసే ఏర్పాటు ఉందా లేదా అన్నదే అడగాలి.

ఆ ఏర్పాటుకు ఖర్చేమీ లేదు. తెరిచిన ప్రతి నోటికీ శుభ్రమైన గుడ్డ, బండి కింద ఒక పాత దుప్పటి, విప్పినవి వేసుకోవడానికి అంచున్న పళ్లెం. అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ బోల్టు ఏ మూలదో ఆ మూలనే గుచ్చితే పొడవుల గొడవ కూడా తీరుతుంది, ఒకటి తగ్గితే ఆ ఖాళీయే చెబుతుంది. స్క్రూడ్రైవర్ మొనకు చిటికెడు గ్రీజు పూస్తే స్క్రూ రంధ్రం దాకా అతుక్కునే ఉంటుంది. జపాన్ డిజైన్ బళ్ల స్టార్ స్క్రూలు జేఐఎస్ కొలతవి. మామూలు ఫిలిప్స్ మొన వాటిలో సరిగ్గా కూర్చోదు. జారి జారి తల అరగదీస్తుంది. తల అరిగిన స్క్రూను అవస్థపడి ఊడదీసినప్పుడు అది ఎటు పడుతుందో చూసుకునే తీరిక ఎవరికుంటుంది?

వీటి బదులు మన షెడ్లలో ఉన్నదేమిటంటే తిట్టు. "ఏట్రా గుంటడా, మళ్లీ పడీసినావా?" అనీ, నెత్తిన ఓ మొట్టికాయా. పని నేర్చుకునే కుర్రాడు దాన్నుంచి ఏం నేర్చుకుంటాడు? చేతులు వణకడం నేర్చుకుంటాడు. ఇంకోసారి పడితే అటూ ఇటూ చూసి, చప్పుడు చెయ్యకుండా డబ్బాలోంచి ఇంకోటి తీసి బిగించడం నేర్చుకుంటాడు. ఇంజను లోపల ఏం పడిందో తెలిసిన ఒకే ఒక మనిషి అలా నోరు మూసుకుంటాడు. ఆ తర్వాత ఎంత గొప్ప మెకానిక్ వచ్చి కిక్ కొట్టినా ఆ బండిని కాపాడలేడు. "అన్నా, పడిపోయింది" అని కుర్రాడు వెంటనే అరవగలిగిన షెడ్డే నా దృష్టిలో పనితనం ఉన్న షెడ్డు.

ఇదే నెల్లిమర్లలో మహారాజా వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడి ఆపరేషన్ థియేటర్లో నర్సును అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన శస్త్రచికిత్స చెక్‌లిస్టు ప్రకారం రోగిని థియేటర్ దాటించే ముందు పనిముట్లు, గాజ్ గుడ్డలు, సూదుల లెక్క సరిపోయిందని నర్సు పైకి చెప్పాలి. ఒక గుడ్డ తగ్గితే కొత్త గుడ్డ తెచ్చి పళ్లెంలో పెట్టి లెక్క సరిచెయ్యరు. బండి ప్రాణి కాదు, ఒప్పుకుంటాను. దాని మీద కూర్చునేది ప్రాణే.

పడ్డాక చేసే తప్పుల్లో పెద్దది గాలి కొట్టడం. చేతికందేది ఎయిర్ గొట్టం కాబట్టి అదే తీస్తారు. ఆ గాలి స్క్రూను ఇంకా లోపలికి నెడుతుంది. మొదట చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడం: కిక్ ముట్టుకోకూడదు, చక్రం తిప్పకూడదు, బండిని కదపకూడదు. తర్వాత టార్చి, పొడవాటి కడ్డీ అయస్కాంతం. ఫోనుకు తగిలించే సన్నని కెమెరాలు ఇప్పుడు చవకే. అయస్కాంతానికి ఉక్కు అంటుకుంటుంది గానీ కార్బొరేటర్ జెట్లు ఇత్తడివి, అవి అంటుకోవు, చాలా స్టెయిన్‌లెస్ స్క్రూలూ అంతే. వాటికి పుల్ల చివర ముద్ద గ్రీజే గతి. షెడ్డు బయట మట్టిలో పడితే అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి మట్టి మీద లాగాలి. మన మట్టిలోనూ ఇసుకలోనూ ఉండే నల్లటి ఇనుప రేణువులు గుప్పెడు అంటుకుంటాయి; కవరు తిరగేసి లాగేస్తే అంతా అయస్కాంతాన్ని వదిలి కవరులో పడుతుంది, అందులోంచి స్క్రూను ఏరుకోవచ్చు. ఏదీ పనిచెయ్యకపోతే హెడ్ విప్పాలి. దానికి ఇంకో దారి లేదు.

ఇంత టైము ఎవరిస్తారని మెకానిక్ అడుగుతాడు. అది న్యాయమైన ప్రశ్న, దానికి జవాబుదారు అతను కాదు, మనం. డ్యూటీకి టైమైపోతోందని నెత్తిన నిలబడి తొందరపెట్టేది మనమే. వెతికిన గంటకు కూలి అడిగితే "నువ్వు పడేసుకున్నదానికి నేనెందుకివ్వాలి" అని గొడవపడేదీ మనమే. పాత స్క్రూ దొరికిందా అని అడిగి, చూపించమని చెప్పి, ఆ తర్వాతే తాళం చేతిలోకి తీసుకోండి. వెతికిన టైముకు కూలిలో సగమైనా ఇవ్వండి. పడిందని నిజం చెప్పిన కుర్రాడిని మీ ఎదుట ఎవరైనా తిట్టబోతే అడ్డుపడండి.