అమ్మను మార్చేస్తే అయిపోదు

మీ అమ్మనో నాన్ననో డబ్బు కట్టి వృద్ధాశ్రమంలో ఉంచారా? ఈ వారమే వెళ్ళి చూడండి. వస్తున్నామని ముందుగా ఫోన్ చేయకండి. మధ్యాహ్నం భోజనాల వేళకో, చీకటి పడ్డాకో వెళ్ళండి. దుప్పటి తీసి వీపు, తుంటి, మడమలు చూడండి. మణికట్ల మీద కమిలిన గుర్తులున్నాయేమో చూడండి. మీరు విదేశంలో ఉంటే తమ్ముణ్ణో మేనమామనో స్నేహితుణ్ణో పంపండి. వీడియో కాల్‌ను నమ్ముకోకండి. ఫోన్ పట్టుకుని పక్కన నిలబడింది ఆ హోమ్ ఆయమ్మే అయినప్పుడు ఏ తల్లి అయినా "బాగానే ఉన్నా నాన్నా" అనే అంటుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇవాళ ఎవరైనా ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, పది మంచాలు వేసి, గేటుకు బోర్డు తగిలిస్తే అది వృద్ధాశ్రమం అయిపోతోంది. బోర్డు మీద "రిజిస్టర్డ్" అని ఉంటే మనం ధైర్యపడతాం. చాలాచోట్ల ఆ రిజిస్ట్రేషన్ సొసైటీకో ట్రస్టుకో సంబంధించినది. లోపల రాత్రిపూట నర్సు ఉందో లేదో, ఇరవై మందికి ఎందరు అటెండెంట్లు ఉన్నారో అది చెప్పదు. ఇలాంటి సంస్థల రిజిస్ట్రేషన్‌కు, కనీస ప్రమాణాలకు చోటు కల్పిస్తూ కేంద్రం 2019 డిసెంబరులో తల్లిదండ్రుల పోషణ చట్టానికి ఒక సవరణ బిల్లును లోక్‌సభలో పెట్టింది. చట్టం కాకుండానే 2024లో ఆ సభ గడువుతో పాటు అదీ మురిగిపోయింది.

2020 జనవరిలో హైదరాబాద్ శివార్లలోని నాగారంలో ఒక హోమ్ నుంచి పోలీసులు డెబ్బైమందికి పైగా బయటికి తీసుకొచ్చారు. గొలుసులతో కట్టేశారని, కొట్టారని అప్పుడు తెలిసింది. లోపలి అరుపులు విని ఇరుగుపొరుగువాళ్ళు చెబితే విషయం బయటపడింది. 2025 జూన్‌లో నోయిడాలో చేతులు కట్టేసి ఉన్న ఒక వృద్ధురాలి వీడియో బయటికి వచ్చాక అధికారులు వెళ్ళి తలుపులు తెరిపించారు. ఒకచోట పొరుగువాళ్ళ చెవులు, మరోచోట ఒక వీడియో. అంతకుముందు ఆ గదుల్లోకి వెళ్ళి, వాసన భరించలేక, తమవాళ్ళను తీసుకుని వచ్చేసిన కుటుంబం ఒక్కటీ లేదంటే నేను నమ్మలేను.

ఎందుకంటే మన ఇళ్ళలో ఈ వ్యవహారం ఎలా ముగుస్తుందో తెలిసిందే. అమ్మ నడుము మీద పుండు కనిపిస్తుంది. కొడుకు మేనేజర్ మీద అరుస్తాడు. మేనేజర్ ముందు ఆయమ్మను తిడతాడు, తర్వాత క్షమాపణ చెబుతాడు, చివరికి డిపాజిట్ వెనక్కి ఇస్తానంటాడు. "ఎలాంటి ఫిర్యాదూ లేదు" అని రాసిన కాగితం మీద సంతకం తీసుకుంటాడు. ఆ సాయంత్రమే అమ్మ మరో హోమ్‌కు వెళ్తుంది. "కన్నతల్లిని హోమ్‌లో పెట్టారట" అన్న మాట పడాల్సి వస్తుందని కుటుంబం నోరు మూసుకుంటుంది. ఆ మంచం రెండు రోజుల్లో మరొకరి తల్లితో నిండుతుంది. ఇలా ఒక్కో కుటుంబం విడివిడిగా తప్పుకున్నంతకాలం ఏ అధికారి దగ్గరా ఆ హోమ్ పేరు మీద ఒక్క కాగితమూ ఉండదు. మనం నిందించుకోవాల్సింది హోమ్‌లో పెట్టినందుకు కాదు. చూసి కూడా రాసివ్వకుండా వచ్చేసినందుకు.

పడకపుండును చిన్న విషయంగా తీసేయకండి. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, చర్మం పొడిగా ఉంచాలి. పుండు లోతుగా దిగిందంటే చాలా సందర్భాల్లో రోజుల తరబడి ఆ పని ఎవరూ చేయలేదని అర్థం. పగలంతా మత్తుగా పడి ఉంటే ఏ మాత్రలు ఇస్తున్నారో, ఏ డాక్టరు రాసిచ్చాడో చీటీ చూపించమనండి. గొడవ చేయకుండా ఉండాలని నిద్రమాత్ర వేయడం వైద్యం కాదు.

ఫిర్యాదు చేస్తే కోపం మంచంలో ఉన్న మనిషి మీద తీర్చుకుంటారన్న భయం చాలామందిది. ఆ భయం నిజమైనదే. అందుకే వరుస తప్పకూడదు. మేనేజర్‌తో మాట్లాడకముందే ఫొటోలు తీయండి, తేదీ పడేలా. గాయాలుంటే అక్కడి నుంచే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళి మెడికో లీగల్ కేసుగా రాయించండి. మనిషి క్షేమంగా ఉన్నాక నిర్వాహకులకు రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. సీసీ కెమెరా దృశ్యాలు చెరిపేయవద్దని అందులోనే రాయండి. కొన్ని వారాలు గడిస్తే వాటి మీద కొత్తవి రికార్డయిపోతాయి. ఫోన్‌లో అరిచిన అరుపు ఏ ఫైల్‌లోనూ ఉండదు.

అదే రోజు బయటికీ చెప్పండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. ప్రాణాపాయమైతే 112. మనిషిని కట్టేయడం, గదిలో పెట్టి తాళం వేయడం అక్రమ నిర్బంధం; కేసు నమోదు చేయడానికి పోలీసులు ఎవరి అనుమతికీ ఆగనక్కర్లేదు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఈమెయిల్‌లో పంపి మూడు రోజుల్లో సంతకం చేయొచ్చు. నిస్సహాయులను చూసుకుంటానని ఒప్పందం చేసుకుని, కావాలనే వదిలేసినవాళ్ళకు భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షన్ మూడు నెలల దాకా జైలు శిక్ష చెబుతోంది. ఆ సెక్షన్‌ను ఫిర్యాదులో పేరుపెట్టి రాయండి.

చాలామంది నేరుగా ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్తారు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆ ట్రిబ్యునల్ ప్రధానంగా చూసేది పోషణభారం ఎవరిదన్న తగాదాలను. హోమ్ మీద ఫిర్యాదైతే కలెక్టర్‌కు, వయోవృద్ధుల సంక్షేమ శాఖకు ఇవ్వండి. సోమవారం తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉన్నాయి. నెలనెలా డబ్బు కడుతున్నారు కనుక వినియోగదారుల కమిషన్‌కూ వెళ్ళొచ్చు. హోమ్ వేరే జిల్లాలో ఉన్నా ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే వేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు.

కలెక్టర్లకు ఒక మాట. కొత్త చట్టం వచ్చేదాకా ఆగకండి. మీ జిల్లాలో ఎన్ని హోమ్‌లున్నాయో జాబితా తీయించండి. ప్రతి హోమ్ గోడ మీద 14567 పెద్ద అక్షరాల్లో రాయించండి. తనిఖీకి వెళ్ళినవాళ్ళు మేనేజర్ గదిలో టీ తాగి రాకుండా, పెద్దవాళ్ళతో సిబ్బంది లేకుండా విడిగా మాట్లాడేలా ఆదేశించండి. ఫిర్యాదు అందిన హోమ్‌లో ఫిర్యాదు చేసిన కుటుంబం మనిషినే కాదు, మంచంలో ఉన్న ప్రతి ఒక్కరినీ డాక్టరుతో చూపించండి.

గత ఏడాది అమ్మను వేరేచోటికి మార్చేసి, పోనీలే అనుకున్నవాళ్ళూ ఇది చదువుతూ ఉంటారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి రెండేళ్ళ గడువుంది. డిపాజిట్ తీసుకుంటూ సంతకం పెట్టిన కాగితం పోలీసులను ఆపలేదు. ఫొటోలు, రసీదులు, ఆసుపత్రి కాగితాలు వెతికి తీయండి. ఆ హోమ్ ఇంకా నడుస్తూ ఉంటే, వచ్చే సోమవారం వాటిని తీసుకుని కలెక్టరేట్‌కు వెళ్ళండి.