కుడిభుజానికి ఆపరేషనా? ముందు ఇల్లు సర్దుకోండి

భుజం ఆపరేషన్‌కి డాక్టరుగారు తేదీ చెప్పగానే మనం చేసే మొదటి పని డబ్బుల లెక్క చూసుకోవడం. రెండోది పుట్టింటికి ఫోన్ చెయ్యడం. ఆసుపత్రిలో ఉండేది మహా అయితే ఒకటి రెండు రోజులే. చిరిగిన టెండన్‌ను ఎముకకు కుట్టే రొటేటర్ కఫ్ ఆపరేషన్ అయితే, ఇంటికొచ్చాక నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి స్లింగులో వేలాడాల్సిందే. అసలు పరీక్ష అప్పుడే!

ఓ చిన్న ఉపాయం చెబుతాను. ఆపరేషన్‌కి ముందు ఓ ఆదివారం పొద్దున్నే కుడిచేతిని చున్నీతో పొట్టకి కట్టేసుకోండి. కదలనివ్వకుండా ఓ పూట గడిపి చూడండి. పేస్టు మూత రాదు, లంగా బొందు ముడి పడదు, జడ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏదేది కుదరలేదో కాగితం మీద రాసుకోండి. మీరు చేసుకోవాల్సిన ఏర్పాట్ల చిట్టా అదే.

చీర మాట కొన్నాళ్ళు మర్చిపోండి. ముందు భాగం పైనుంచి కిందిదాకా తెరుచుకునే వదులైన నైటీలు నాలుగు, ఎలాస్టిక్ లంగాలు రెండు మూడు కుట్టించుకోండి. తొడుక్కునేటప్పుడు ఆపరేషనైన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు ఆఖర్న తియ్యాలి. గాజులు, ఉంగరాలు ఇంట్లోనే తీసి బీరువాలో పెట్టి వెళ్ళండి. వేళ్ళు వాచాక ఉంగరం ఊడిరావడం కష్టం.

చాపమీద పడుకునే అలవాటుంటే ఇప్పుడు పనికిరాదు, ఒంటిచేత్తో నేలమీంచి లేవలేరు. వెల్లకిలా పడుకున్నా భుజం లాగుతుంది. వాలుకుర్చీ ఉంటే సరే, లేదంటే మంచంమీద వీపుకి మూడు దిళ్ళు ఎత్తుగా పెట్టి, మోచెయ్యి వెనక్కి జారకుండా దానికింద ఓ చిన్న దిండు ఉంచుకోండి. మంచి చెయ్యి వైపునుంచి దిగేలా మంచం జరిపించండి. బాత్‌రూంలో పాచి లేకుండా కడిగించి, జారని పట్ట వేయించండి. ఒంటిచేత్తో ఉన్నప్పుడు కాలు జారితే పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు మరి!

సిగ్గుపడకుండా చెప్పుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. కుడిచెయ్యి కట్టేస్తే తినడానికీ, కడుక్కోవడానికీ ఎడమచెయ్యే గతి. చెంచాతో తినండి, సబ్బు దగ్గరే పెట్టుకోండి. “ఎడమచేత్తో అన్నమా?” అని ఎవరైనా ముఖం చిట్లిస్తే, కలిపి ముద్దలు పెట్టమని వాళ్ళనే అడగండి. ఆపరేషన్ ఎడమ భుజానికైతే టాయిలెట్లోనే చిక్కు. నీళ్ళ జెట్టు అందే వైపు ఉందో లేదో ముందే చూసుకోండి.

వంటింట్లో పై అరల్లోని డబ్బాలన్నీ నడుము ఎత్తుకి దించేయండి. మరచుట్టు మూతలు వద్దు, నొక్కుడు మూతలే మేలు. కందిపొడి, కరివేపాకు పొడి కొట్టి ఉంచుకోండి. చింతపండు గుజ్జు తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. కుక్కర్ కొలతలు, ఎన్ని విజిల్స్ రావాలో రాసి గోడకి అంటించండి. మీవారు మొదటి రెండు రోజులు అన్నం జావ చేసినా, మూడోనాటికి నేర్చుకుంటారు లెండి. మీరు మాత్రం లేవకండి!

మొదటిరోజు చెయ్యి మొద్దుబారి “నొప్పే లేదే” అనిపిస్తుంది. అది మత్తు మహిమ. అది దిగేదాకా ఆగకుండా డాక్టరు చెప్పిన వేళకే మాత్ర వేసుకోండి. ఐసు ఎప్పుడూ తువ్వాల్లో చుట్టే పెట్టాలి. కొన్ని నొప్పి మాత్రలకి మలబద్ధకం వస్తుంది కనుక నీళ్ళు, ఆకుకూరలు ఎక్కువ తీసుకోండి. పప్పు తింటే చీము పడుతుందని పెద్దవాళ్ళు అడ్డుపడతారు. అది నిజం కాదు. పుండు మానాలంటే పప్పు, పెరుగు, గుడ్డు కావాలి. షుగరున్నవాళ్ళు దాన్ని అదుపులో ఉంచుకోకపోతే కుట్లు త్వరగా మానవు.

అసలు ప్రమాదం మూడో వారంలో మొదలవుతుంది. నొప్పి తగ్గుతుంది, ముఖం తేటపడుతుంది. ఇంట్లోవాళ్ళకీ మీరు మామూలుగానే కనిపిస్తారు. పలకరించడానికి వచ్చినవాళ్ళకి కాఫీ అయినా ఇవ్వకపోతే ఎలా అని చెయ్యి దానంతటదే గిన్నె మీదకి పోతుంది. లోపల టెండన్ ఎముకకి ఇంకా గట్టిగా అతుక్కోలేదు. గట్టిగా అతకడానికి మూడు నెలలైనా కావాలి. ఈలోగా ఓ బిందె ఎత్తినా, తడిబట్టలు దండెం మీద విసిరినా కుట్టింది మళ్ళీ తెగొచ్చు. కాబట్టి డిశ్చార్జి రోజున మీవారినీ, అత్తగారినీ పక్కన నిలబెట్టుకుని “నేనెప్పటిదాకా బరువెత్తకూడదు?” అని డాక్టర్నే అడగండి. మీరు చెబితే బద్ధకం, ఆయన చెబితే వైద్యం!

వేళ్ళు, మణికట్టు ఆడిస్తూ ఉండండి. భుజం కసరత్తులు మాత్రం ఫిజియోథెరపిస్టు మొదలుపెట్టమన్నాకే. నూనె మర్దనాలు వద్దే వద్దు. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారినా, మత్తు దిగాక కూడా వేళ్ళు తిమ్మిరిగానో చల్లగానో ఉన్నా, పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. ఆసుపత్రి నంబరు కుక్కర్ కొలతల కాగితం పక్కనే అంటించి ఉంచండి.