బాధపడినవాళ్లని అడిగితేనే తెలుస్తుంది



ఈ నెల మనసు బాగాలేనివాళ్ల గురించి రాస్తున్నాను. ఈ మాట ఎత్తితే మన లైన్లలో తలుపులు మూస్తారు. పెళ్లి కావాల్సిన పిల్ల ఉన్న ఇంట్లో అయితే మరీ. ఆ తలుపు వెనక ఒక మనిషి నలిగిపోతా ఉంటారు.

మిల్లులో దారం ఎందుకు తెగుతా ఉందో ముందు తెలిసేది ఫ్రేము ముందర నిలబడినవాళ్లకి. ఆఫీసుకి తరవాత తెలుస్తుంది. మనసు సంగతీ అంతే. ఇంట్లో ఒకరికి బాగాలేకపోతే డాక్టరు మాట్లాడతాడు, పూజారి మాట్లాడతాడు, మేనమామ మాట్లాడతాడు. ఆ మనిషిని మాత్రం "నీకు ఏం చేస్తే కాస్త నెమ్మదిగా ఉంటుంది?" అని ఎవరూ అడగరు.

అడిగి చూసినవాళ్లు ఉన్నారు. ఇంగ్లాండులో మెంటల్ హెల్త్ ఫౌండేషన్ అనే సంస్థ ఈ పని చేయించింది. అడిగింది, రాసింది ఆ బాధ తామే పడినవాళ్లు. 2000లో వచ్చిన వాళ్ల పుస్తకం కోసం 71 మందితో కూర్చొని మాట్లాడారు. ఏది ఆదుకుంది అంటే, తోటి మనుషులు అన్నారు. మాత్రలు, వ్యాయామం, దేవుడి మీద నమ్మకం అన్నారు. చేతిలో డబ్బు ఉండడం అని కూడా అన్నారు. కూలి చేసేవాళ్లకి ఆ చివరి మాట ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మన దేశంలో పూణేలో భార్గవి దావర్ అనే ఆమె 1999లో బాపు ట్రస్ట్ పెట్టింది. తల్లి పడిన బాధ కళ్లారా చూసి పెరిగిన మనిషి. ఆ ట్రస్టువాళ్లు బస్తీల్లోకి పోయి జనంతో మాట్లాడతారు, బలవంతంగా ఆస్పత్రిలో వేయరు.

మన తమిళనాటనే వేలాయుధంపాళయంపుదూరులో ముత్తుస్వామి గుడి ఉంది. బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు 2000లో అక్కడికి వచ్చిన 31 మందిని చూశారు. ఆరు వారాలు ఉన్నాక జబ్బు గుర్తులు ఇరవై శాతం దాకా తగ్గాయి. మంత్రాలు, తంత్రాలు ఏమీ లేవు. ఇంటి మనిషి తోడు, పూజ, గుడి తుడవడం, మొక్కలకి నీళ్లు పోయడం, అంతే.

అట్లని ఎక్కడైనా వదిలేసి రావొచ్చు అనుకోవద్దు. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, ప్రైవేటువాళ్లు నడిపే కొట్టానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నందున పారిపోలేక 28 మంది పోయారు. 2017 చట్టం ప్రకారం మనిషిని గొలుసుతో కట్టడం నేరం. గుడి అయినా, ఇల్లు అయినా, ఆస్పత్రి అయినా అంతే.

ఇప్పుడు మనం చేయగలిగింది చెప్తాను. పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీయండి. బాధపడేవాళ్లనే రోజూ రాయమనండి, రాయలేకపోతే వాళ్లు చెప్పింది మీరు రాయండి. ఎంత నిద్ర పట్టింది, ఎవరితో మాట్లాడితే తేలికైంది, ఏ షిఫ్టు చేసిన రోజు ఎక్కువైంది, ఏ మాత్రకి మత్తుగా ఉంది. నెల తరవాత ఆ బుక్కు డాక్టరు ముందర పెట్టండి. ఆయన్ని అడక్కుండా మాత్ర మాత్రం ఆపొద్దు.

చచ్చిపోతాను అనే మాట వింటే తిట్టొద్దు, ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. 14416 టెలిమానస్ నంబరు. పైసా ఖర్చు లేదు, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు. ఈ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి.