లావు మేలా, చేటా?

ఈ నెల ముచ్చటించుకోవలసిన సంగతి కొంచెం చిక్కుది. "కిడ్నీ క్యాన్సరు వచ్చినవాళ్ళలో లావుగా ఉన్నవాళ్ళే ఎక్కువకాలం బ్రతుకుతారట. అటువంటప్పుడు ఒళ్ళు తగ్గించుకోమని డాక్టర్లు పోరడం ఎందుకు?" అనే మాట మన కవితాళ ఇళ్ళలోనూ వినవస్తున్నది. మేము వైద్యులము కాము, ఆఫీసులో పద్దులు సరిచూచే గుమాస్తాలము. అయితే ఇదీ ఒక పద్దువంటిదే గనుక, జమ ఎంత, ఖర్చు ఎంత అని చూద్దాం.

మొదట ఖర్చు వైపు. లావు కొలవడానికి వైద్యులు ఒక లెక్క కడతారు. బరువును కిలోలలో తీసుకొని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తారు. 160 సెంటీమీటర్ల మనిషి 64 కిలోలుంటే 25 వస్తుంది. మన దేశస్థులకు 23 చేరితే అధిక బరువనీ, 25 చేరితే స్థూలకాయమనీ మన వైద్యులు 2009లో హద్దులు పెట్టారు. ఈ అంకె 5 పెరిగితే కిడ్నీ క్యాన్సరు వచ్చే అవకాశం మగవారిలో నూటికి 24 వంతులు, ఆడవారిలో 34 వంతులు పెరుగుతుందని, అనేక పరిశోధనలను కూడి 2008లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ప్రకటించారు. పొగత్రాగడం, రక్తపుపోటు దీనికి తోడుదొంగలు.

ఇక జమ వైపు. రోగం కిడ్నీ దాటి ఇతర అవయవాలకు ప్రాకిన 1,975 మంది వివరాలు 2016లో వెలువడ్డాయి. చికిత్స మొదలుపెట్టేనాటికి అంకె 25 గాని అంతకు మించి గాని ఉన్నవారిలో సగంమంది 25.6 నెలలు దాటి బ్రతికారు. 25కు లోబడినవారిలో సగంమంది 17.1 నెలలు మాత్రమే దాటగలిగారు. ఎనిమిది నెలల పైచిలుకు తేడా! మంచం ప్రక్కన కూర్చున్న ఇల్లాలికి అది తక్కువ కాలమా?

రెండూ నిజమే. మరి ఎలా పొసుగుతాయి? గాదె నిండా గింజలుంటే ఎలుకలు చేరతాయి. అయినా కరువు వచ్చినప్పుడు గింజలున్న ఇల్లే నాలుగు రోజులు నిలుస్తుంది. ఈ రోగం లోపలనుంచే మనిషిని తినివేస్తుంది, ఆకలి చంపుతుంది, కండ కరిగిస్తుంది. కనుక చికిత్సనాటికే సన్నగా ఉన్నవారిలో కొందరు పుట్టుసన్నం కారు; రోగం ముదిరి చిక్కినవారు. పైగా తక్కెడకు కండ ఏదో కొవ్వు ఏదో తెలియదు. లావుపాటివారి గడ్డల స్వభావమే కొంత వేరని కూడా పరిశోధకులు కనుగొన్నారు. అంతేకాదు, ఈ లెక్కలో చేరినవారందరూ రోగం వచ్చినవారే. ఒళ్ళు అదుపులో ఉండి రోగం తప్పించుకున్నవాడి పేరు ఆ చిట్టాలోకే ఎక్కదు గదా!

కాబట్టి ఆరోగ్యవంతుడికి ఒక నీతి, రోగికి ఒక నీతి. 1953లో తుంగభద్ర కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత ఈ జిల్లాకు వచ్చి స్థిరపడిన మన పెద్దలు మూడుపూటలా అన్నం తిన్నా, పొలంలో అంతకంత చెమటోడ్చారు. మనం కుర్చీలకు చేరినాము. కంచం మాత్రం తగ్గలేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది అంకె 25 గాని, అంతకు మించి గాని తేలింది. ఇక్కడి జొన్నరొట్టె ఒకపూట తింటే మన తెలుగుతనం ఎక్కడికీ పోదు. సాయంత్రం నాలుగు అడుగులు నడిస్తే మరీ మంచిది.

రోగి సంగతి వేరు. చూడవచ్చిన చుట్టాలు "లంఖణం పరమౌషధం" అంటూ పాలు మాన్పించండి, పప్పు మాన్పించండి, గంజి పోయండి అంటారు. ఆ సామెత అజీర్తికి చెప్పినది, క్యాన్సరుకు కాదు. బరువు తగ్గిపోతున్న రోగిని కడుపు మాడ్చడం రోగానికి సాయపడడమే. అట్లాగని నేతి మిఠాయిలతో లావు చేస్తే ఆయుస్సు పెరుగుతుందని ఎవరూ రుజువు చేయలేదు. ఒక కిడ్నీ తీసివేసినవారు పప్పు ఎంత, ఉప్పు ఎంత అన్నది చికిత్స చేసే డాక్టరునే అడగాలి. బెంగుళూరు కిద్వాయికి వెళ్ళినా, హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రికి వెళ్ళినా, మందుల చీటీతోపాటు భోజనం సంగతి కూడా వ్రాయించుకొని రండి. నెలనెలా బరువు తూచి ఆ తేదీ ప్రక్కన వేసి ఉంచండి.

చివరగా ఒక్క మాట. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనబడితే "వేడి చేసిందిలే" అని మజ్జిగ త్రాగి ఊరుకోవద్దు. ఒక్కసారే కనబడి ఆగిపోయినా సరే, ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకోండి. గడ్డ కిడ్నీలోనే ఉండగా పట్టుబడితే శస్త్రచికిత్సతో నయమైనవారు ఎందరో ఉన్నారు. అప్పుడు లావు, సన్నం అన్న వాదంతో పనే ఉండదు.

వచ్చే నెల మరొక సంగతితో కలుసుకుందాం. సెలవు.