రాతి జటాయువు, ప్రాణమున్న రాబందు

లేపాక్షిలో ఏకశిలానందికి సమీపమున నున్న గుట్టపై జటాయువు ప్రతిమ యొకటి కలదు. జనులు పైకెక్కి, ఆ పక్షిప్రక్కన నిలిచి, క్రింది యూరిని, చుట్టునున్న బండలను చూచి యానందించుచున్నారు, ఛాయాచిత్రములు తీసికొనుచున్నారు. రావణునితో పోరి నేలకూలిన గృధ్రరాజును శ్రీరాముడు 'లే, పక్షీ' యనుటచేత ఊరికాపేరు కలిగెనని స్థలపురాణము. కేరళములోని చడయమంగలము కొండపైనను 200 అడుగుల పొడవుగల జటాయువును 2018 లో జనుల దర్శనమునకు తెఱచిరి. ప్రతిమలను మేము నిందింపము. వానికి మ్రొక్కెడి చేతులే ప్రాణమున్న జటాయువునకు చేయుచున్న ద్రోహమును నిందించుచున్నాము.

జటాయువు గ్రద్దయని కొందఱు మెల్లగా తప్పించుకొందురు. గృధ్రమనగా రాబందు. ఆ రాబందే యింటికప్పుపై వాలినచో అరిష్టమని శాంతులు చేయించి, ఇల్లు పాడుపెట్టి పోవు నాచారము మనలో నుండెను. పరులను పీడించువానిని 'రాబందు' అని తిట్టుట నేటికిని మానలేదు, పత్రికలవారును మానలేదు. చచ్చినదానిని తిని ఊరికి రోగము రాకుండ కాపాడు ప్రాణికి మనమిచ్చిన బిరుదమిది! తండ్రికి చేయునట్లు రాముడు దహనసంస్కారము చేసిన పక్షి పేరు, రామాయణము పారాయణము చేయు ఇంటనే తిట్టైనది.

తిట్టుతో చావలేదు, మందుతో చచ్చినది. పశువుల నొప్పులకు వేయు డైక్లోఫెనాక్ సూదియే హేతువని 2004 లో తేలినది. ఆ సూది వేయించుకొని చచ్చిన పశువును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి, కొలదిదినములలో ప్రాణము పోవును. 1992 మొదలు 2007 లోపల మనదేశపు తెల్లవీపు రాబందులలో వేయింటికొకటి మిగిలినది. ఏటికొక గ్రుడ్డు పెట్టు జాతి యెట్లు కోలుకొనును? ప్రభుత్వము 2006 లో పశువైద్యమున దానిని నిషేధించినది. మనుష్యుల మందుబుడ్లు పశువుల కొట్టములకు చేరుచుండగా, బుడ్డి పరిమాణమును తగ్గించుటకు 2015 వఱకు పట్టినది. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌ల నిషేధము 2023 లో గాని రాలేదు.

పట్టణవాసులమైన మాకేమి యందురా? సికింద్రాబాదు వారు పార్సీగుట్ట నెఱుగుదురుగదా. పార్సీలు తమ మృతులను పక్షులకర్పించు కట్టడము చేతనే ఆ గుట్టకాపేరు. ఆ యాకాశమున నిపుడు రాబందులు లేవు. పల్లెలలో కళేబరములకు కుక్కలే వారసులు. వాని సంతతితో వెఱ్ఱికుక్కకాటు భయమును పెరిగినది. మనము కాచి త్రాగు పాలు ఆ పల్లెలవే. మెలాక్సికామ్ అను మందు పశువు నొప్పిని తీర్చును, రాబందును చంపదు. పాడిగల గృహస్థులు దానినే అడిగి వేయింపవచ్చును; ఇందుకు పురోహితుడక్కఱలేదు.

బెజ్జూరు అడవిలోని పాలరాపుగుట్టపై 2013 లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనబడినవి. అచ్చట మెట్లు కట్టుడని, ప్రతిమ నిలుపుడని మేమడుగుటలేదు. ఆ చుట్టుపట్ల పశువులకు ఏ సూది వేయుచున్నారో, దానిని ఏ యంగడిలో కొనుచున్నారో అధికారులు పోయి చూడవలెనని యడుగుచున్నాము.