బతుకుతో ముడిపడిన చదువే నిలుస్తుంది

గిరిజనులకు నేర్చుకోవాలన్న ఆసక్తి లేదని, శిక్షణ తరగతులు పెట్టినా రారని ఉట్నూర్ ప్రాంతంలో తరచు వినిపించే మాట. ఈ మాటలో నిజం లేదని ఈ ప్రాంత చరిత్రే చెబుతుంది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తరువాత, గోండుల స్థితిగతులు తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెలిసింది. గోండు యువకులనే పంతుళ్లుగా తయారు చేశారు. గోండీలోనే వాచకాలు రాయించారు. కాగితం చదవలేక భూములు పోగొట్టుకున్న వారికి అక్షరం ఎందుకో ఎవరూ విడమరచి చెప్పనక్కర లేకపోయింది. పట్టా చదవడం, రసీదు చూసుకోవడం వారికి తిండిగింజలతో సమానమైన అవసరం.

అయితే అవసరం ఒక్కటే చాలదు. పూట గడవని మనిషిని రోజంతా కూర్చోబెడితే కూలి పోతుంది, మనసు పొయ్యి మీదనే ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి పోవాలి. దసరా దాటితే పత్తి ఏరాలి. ఆ రోజుల్లో తరగతులు పెట్టి, జనం రాలేదని రాసుకోవడం న్యాయం కాదు.

మహిళా సంఘాల్లోనూ ఇదే సంగతి. అప్పు అవసరమై పదిమందీ చేరుతారు. కాని లెక్క తెలిసిన ఒక్కరే పుస్తకం రాస్తే, మిగిలినవారు ఏళ్లు గడిచినా వేలిముద్ర దగ్గరే ఆగిపోతారు. తొందర పనికి అది సులువే, కాని రేపు ఆ ఒక్కరు లేకపోతే సంఘం కుంటుపడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ ఎన్నుకునే కమిటీలో 10 నుంచి 15 మంది దాకా ఉండాలి, వారిలో మూడోవంతు మహిళలు ఉండాలి. హద్దులు, దరఖాస్తు ఆ కొద్దిమందిలో ఒక్కరికే తెలిస్తే ఊరి భూమి ఆ ఒక్కరి దయమీద ఉన్నట్టే.

కనుక ఐటీడీఏ అధికారులు పనులు తక్కువగా ఉండే నెలల్లో, గూడెంలోనే, గోండీ, కొలామీ, లంబాడీ తెలిసినవారితో శిక్షణ ఇప్పించాలి. పోయిన కూలి కట్టివ్వాలి. సంఘాలు కూడా లెక్కల పుస్తకాన్ని నెలకొకరి చేతికి ఇవ్వాలి. తప్పులు పోతే పోనీ, పక్కనున్నవారు దిద్దుతారు. బతుకు కోసం నేర్చిన విద్య పదిమంది చేతిలో ఉన్నప్పుడే ఊరికి రక్ష.